వర్షం వల్ల రాకెట్ వాయిదా

రాకెట్లు ఎగరేయడానికి మా దీవిని మించిన చోటు భూమ్మీద లేదు! స్కాట్లాండ్‌కి ఉత్తరాన, సముద్రం మధ్యలో, వాన ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేని ఊరు మాది. రాకెట్ కేంద్రం ఇక్కడ కాక ఇంకెక్కడ కడతారు?

నవ్వకండి. మా ఓస్లా సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

ఓస్లా కొండకొమ్మున గొర్రెలు పెంచుకుంటూ ఒంటరిగా బతికే ముసలామె. భర్త పోయాడు. మరిది గిబ్బీ ఇల్లు కూతవేటు దూరమే కానీ, ఒక పొట్టేలు నాదంటే నాదని తగువు పడ్డాక ఇద్దరికీ మాటల్లేవు. ఊళ్లోకి బస్సు వేయమని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా కౌన్సిల్ వారిది ఒకటే జవాబు. "అటువైపు మనుషులెక్కడున్నారండీ?"

రాకెట్ కేంద్రం వచ్చింది. అటువైపు మనుషులున్నారని అప్పుడు తెలిసింది! రాకెట్ పేలితే వాళ్ల నెత్తినే పడుతుందట. అందుకని ప్రయోగం అనుకున్నప్పుడల్లా పొద్దున్నే వెచ్చటి బస్సొచ్చి అందరినీ ఊరి హాలుకి చేర్చేది. అక్కడ రాకెట్ కంపెనీ ఖర్చుతో ఎండుమాంసం సూపు, వేడి రొట్టెలు. మధ్యాహ్నానికల్లా "వర్షం వల్ల వాయిదా" అని ప్రకటన. పై వారం మళ్లీ బస్సు!

ఇంత చక్కని సంక్షేమ పథకం ఏ ప్రభుత్వమైనా పెట్టిందా?

హాల్లో చోటు చాలక ఓస్లా, గిబ్బీ ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. మొదట్లో చెరోవైపు మొహాలు తిప్పుకున్నారు. తర్వాతి వాయిదాకి గిబ్బీ ఉప్పు అందించాడు. ఆ పై వాయిదాకి నోరు విప్పాడు.

"వదినా, ఆ పొట్టేలు పోయింది, తెలుసా?"

"నా ఉసురు ఊరికే పోతుందా మరి?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. వానదేవుడి చలవ కాదూ ఇది!

ఇంతలో ఆపద ముంచుకొచ్చింది. రేపు ఎండ కాస్తుందని రేడియో చెప్పింది! ఒక్క రాకెట్ క్షేమంగా ఎగిరితే చాలు, ఇక ఎవరినీ ఇళ్లు ఖాళీ చేయించక్కర్లేదని కంపెనీ ముందే చెప్పింది. అంటే బస్సుండదు. సూపుండదు. ఉప్పు అందించే మనిషీ ఉండడు.

మర్నాడు ఓస్లా బస్సెక్కేముందు గొర్రెల దొడ్డి గేటు తీసింది.

ఆకాశం అద్దంలా మెరుస్తోంది. ఇంకాసేపట్లో ప్రయోగం అనగా, గొర్రెల మందంతా వెళ్లి రాకెట్ కింద తీరిగ్గా పడుకుంది. ప్రయోగం ఆగిపోయింది. ఇంజనీరు రొప్పుకుంటూ హాలుకి వచ్చాడు.

"గేటు తీసిందెవరమ్మా?"

ఓస్లా సూపు గిన్నెలోంచి తలెత్తలేదు. గిబ్బీ అందుకున్నాడు.

"గాలికి తెరుచుకునుంటుంది బాబూ."

"ఇవాళ గడ్డిపోచ కూడా కదల్లేదు పెద్దాయనా!"

"మా వదిన గేటు అంతే. గాలి లేకపోయినా తెరుచుకుంటుంది."

కాబట్టి, అయ్యలారా, మా దీవిలో ఇంకా బోలెడు రాకెట్ కేంద్రాలు కట్టండి. ఎగరేయడానికి మాత్రం తొందరపడకండి. మరీ ఎగరేయాలని ముచ్చటగా ఉంటే, ముందు మాకో బస్సు వేసి ఎగరేసుకోండి!