ఇరవై ఏడో నంబరు బండిలో నిలవని నీళ్ళు

మంగళవారం ఉదయం ఏడు గంటలకు, అరిజోనా ఎడారిలోని డ్రై క్రీక్ బండ్ల కాలనీలో, ఇరవై ఏడో నంబరు బండి టాయ్‌లెట్‌లో నీళ్ళు నిలవడం మానేశాయి. ఎనిమిదింటికల్లా విషయం నివాసుల సంక్షేమ సంఘం దృష్టికి వెళ్ళింది. తొమ్మిదింటికి ఉపసంఘం ఏర్పడింది. ఇంత చురుకైన పాలన దేశంలో మరెక్కడా లేదని సంఘాధ్యక్షుడు వెండెల్ క్రూగ్ స్వయంగా చెప్పాడు కాబట్టి మనం నమ్మవచ్చు.

ఆ బండి ఆర్డిస్, మెర్ల్ టోలెఫ్‌సన్ దంపతులది. బస్సంత బండి, అందులోనే వంటిల్లు, పడక, టాయ్‌లెట్. "ఇక మనకి స్వేచ్ఛే స్వేచ్ఛ" అంటూ మెర్ల్ మిన్నెసోటాలో రెండు బాత్‌రూములున్న ఇంటిని అమ్మించి ఆర్డిస్‌ని ఇందులోకి ఎక్కించాడు. ఆయన ముప్పై నాలుగేళ్ళు వంతెనలు కట్టిన ఇంజనీరు. అంతటి మనిషిని రబ్బరు రింగు గురించి అడగడం మర్యాద కాదు.

ఈ బండ్లలో ఏర్పాటు తేలిక. పెడల్ తొక్కితే గిన్నె అడుగున మూత తెరుచుకుంటుంది, సరుకు కింది ట్యాంకులోకి పోతుంది. కాలు తీస్తే మూత పడి, దాని చుట్టూ సీలుగా ఉన్న రబ్బరు రింగుకి బిగుసుకుని, పైన రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలుస్తాయి. ట్యాంకుకీ మనిషి ముక్కుకీ మధ్య కాపలా ఆ నీళ్ళే. కాపలా జారిపోయింది. వాసన వచ్చి వంటింట్లో కూర్చుంది. ఉమ్మడి మరుగుదొడ్లు గులకరాళ్ళ దారిలో నాలుగు వందల అడుగుల దూరం. ఆర్డిస్‌కి వేసవిలోనే మోకాలి ఆపరేషన్ అయింది.

ఉపసంఘంలో ఐదుగురు సభ్యులు, ఐదు మడత కుర్చీలు. కుర్చీలు బండి బయట, వాసన తగలకుండా గాలి వచ్చే దిక్కున వేసుకున్నారు. వెండెల్ లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా! ఇది ఒక్క టాయ్‌లెట్ సమస్య కాదు. ఇవాళ ఇరవై ఏడు. రేపు ఇరవై ఎనిమిది. ఎల్లుండి? చరిత్ర మనల్ని నిలదీస్తుంది!"

"చరిత్ర సంగతి సరేగానీ వెండెల్," కాఫీలు అందిస్తూ అంది ఆర్డిస్, "ఆ గిన్నెలోకి ఎవరైనా ఒకసారి తొంగి చూశారా?"

"ఆ దశ తర్వాత వస్తుంది ఆర్డిస్."

మొదటి దశలో బండి ఎడమవైపు ఒరిగిందని తేల్చి జాకీలు పెట్టి లేపారు. నీళ్ళు యథాప్రకారం పోయాయి. మర్నాడు పొయ్యి మీది గుడ్లు కూడా పెనంలో ఒక మూలకి పోయాయి. పురోగతి కనబడుతోందని నమోదు చేశారు. రెండో దశలో పైకప్పుకి ఫ్యాను బిగించారు. దానితో వాసన ఇరవై ఆరుకీ ఇరవై ఎనిమిదికీ సమానంగా పంపిణీ అయింది. మూడో దశలో బయటి నుంచే కిటికీలకి నాలుగు దేవదారు సుగంధాల డబ్బాలు వేలాడదీశారు. ఇప్పుడది దేవదారు అడవి నడుమ పాడైన టాయ్‌లెట్ వాసన.

బుధవారం మధ్యాహ్నం ఆర్డిస్ చెప్పేసింది. "శనివారం లోపు బాగవకపోతే డులూత్‌లో మా చెల్లెలింటికి పోతున్నా."

"నిపుణులు చూస్తున్నారు కదే!"

"వాళ్ళు బండి చుట్టూ చూస్తున్నారు మెర్ల్. లోపలికి ఒక్కడూ రావడం లేదు."

"అక్కడ మోకాళ్ళ లోతు మంచు!"

"మంచుకి వాసన ఉండదు."

మెర్ల్ నిజంగానే భయపడ్డాడు. ఇల్లు లేదు, ఈ మనిషి కూడా వెళ్ళిపోతే ఆ స్వేచ్ఛని ఏం చేసుకోవాలో ఆయనకి తెలియదు. అందుకే గురువారం సదస్సు పెడదామని ఉపసంఘం అనగానే ఒప్పుకున్నాడు.

"టాయ్‌లెట్ సీళ్ళు: నిన్న, నేడు, రేపు" అన్న అంశంపై కాలనీ మగవాళ్ళందరూ హాల్లో చేరారు. భోజన సదుపాయం ఉంది. ఆర్డిస్ సొరుగులోంచి టాయ్‌లెట్‌తో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం తీసింది. దాని ప్లాస్టిక్ కవరు ఎవరూ చింపలేదు. పద్నాలుగో పేజీలో బొమ్మతో సహా అంతా ఉంది. నీళ్ళ కుళాయి కట్టేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గ్లవ్స్ తొడిగి, మోకాలి కింద దిండు వేసుకుంది. పెడల్ మీద బరువుకి మెర్ల్ వంతెనల గ్రంథం పెట్టింది. ఈ వ్యవహారంలో ఇంజనీరింగ్ పాత్ర అంతే. రబ్బరు రింగు చేతికి వచ్చింది. తెల్లటి ఉప్పు పేరుకుపోయి, ఒకపక్క చిరిగి ఉంది.

హార్డ్‌వేర్ షాపులో మారిసోల్ అనే అమ్మాయి దాన్ని చూడగానే కొత్తది తీసి ఇచ్చింది. "పది నిమిషాల పనమ్మా. నెలకోసారి శుభ్రంగా తుడిచి కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. వాజిలిన్ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. బండి వాడనప్పుడు కూడా గిన్నెలో కాసిన్ని నీళ్ళుంచండి, లేకపోతే రింగు ఎండిపోతుంది. మీవారు బిగిస్తారా?"

"మావారు దీని మీద సదస్సులో ఉన్నారు."

మారిసోల్ నవ్వు ఆపుకుని గ్రీజు ట్యూబు సంచిలో వేసింది.

పదకొండు నిమిషాలు పట్టింది. ఆర్డిస్ కాఫీ కలుపుకుని వచ్చి ఆ నీళ్ళకి ఎదురుగా కూర్చుంది. పావుగంట గడిచింది. నీళ్ళు కదల్లేదు. గ్రాండ్ కాన్యన్ చూసినప్పుడు కూడా ఆమెకి ఇంత హాయి కలగలేదు.

బండి నేలంతా పెకిలించాలని తీర్మానించి మగవాళ్ళు తిరిగొచ్చారు. వెండెల్ మొట్టమొదటిసారి లోపలికి వచ్చి గిన్నెలోకి చూశాడు. "చూశారా! జాకీలు ఇప్పుడు పనిచేశాయి!"

మెర్ల్ మాత్రం ఆరేసిన గ్లవ్స్‌ని చూశాడు. అందరూ వెళ్ళాక మెల్లిగా అడిగాడు. "నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నా."

"వాళ్ళకి చెప్పమంటావా?"

"నీ నోరు, నీ ఇష్టం."

శనివారం పాన్‌కేకుల ఫలహారం దగ్గర ఉపసంఘం తరఫున మెర్ల్‌కి ఫలకం బహూకరించారు. ఆయన లేచి, చెవులు ఎర్రబడగా, "నిజానికి ఇదంతా మా ఆవిడ..." అన్నాడు.

"అవునవును! ఆ కాఫీ!" అన్నాడు వెండెల్. చప్పట్లు మోగాయి. మెర్ల్ కూర్చున్నాడు.

ఆదివారం ఆరు బండ్లనించి ఆరుగురు ఆడవాళ్ళు తమ టాయ్‌లెట్లలోనూ నీళ్ళు నిలవడం లేదంటూ ఆర్డిస్ తలుపు తట్టారు. మూడోది వెండెల్ భార్య. "మా ఆయనకి చెప్పకు ఆర్డిస్, కమిటీ వేస్తాడు" అంది. ఆర్డిస్ గ్రీజు ట్యూబు తీసుకుని బయల్దేరింది. మెర్ల్ దిండు మోస్తూ వెనకాలే నడిచాడు.

ఉపసంఘం ఏర్పడ్డాక కాలనీలో టాయ్‌లెట్ ఫిర్యాదులు సున్నాకి పడిపోయాయని సంఘం వార్షిక నివేదికలో ఉంది. పొరుగు కాలనీల బృందాలు వచ్చి జాకీలను ఫొటోలు తీసుకుని వెళ్ళాయి. మీరు నవ్వుకోవచ్చు. ముందు మీ వంటింటి కుళాయి కారడం ఎప్పుడు ఆగిందో, దాని వాషర్ మార్చింది ఎవరో ఇంట్లో ఒకసారి అడిగి రండి. అది దానంతటదే ఆగిపోయిందని మీరు కూడా అనుకుంటున్నారు కదూ?