గుమ్మంలో పట్టని బొమ్మ

పొద్దున్నే అక్క ఇంటిల్లిపాది బట్టలకీ ఇస్త్రీ చేస్తోంది. చక్రాల కుర్చీలో కూర్చుంటే బల్ల అందదు కాబట్టి మంచం మీద దుప్పటి మడతపెట్టుకుని చేస్తోంది. ఆ రోజు చెల్లెలి పరిశోధనకి వాళ్ళింట్లోనే సన్మానం. నాన్న చొక్కాకి ఒక్క ముడత కూడా ఉండకూడదు.

పరిశోధన సంగతి ముందు చెప్పుకోవాలి. ప్లాస్టిక్ ఇటుకలు పేర్చి ఇళ్ళూ ఊళ్ళూ కట్టే ఆటసామాను కంపెనీ ఒకటి, తన బొమ్మల ఊళ్ళో అన్ని రకాల మనుషులకీ చోటుందో లేదో తేల్చమని ముగ్గురు కాలేజీ విద్యార్థుల్ని నియమించింది. వాళ్ళని ఇంటర్న్‌లు అంటారు. అంటే ఉద్యోగం లేకుండా ఉద్యోగం చేసేవాళ్ళు. చెల్లెలు వాళ్ళలో ఒకతె.

సెలవులన్నీ వాళ్ళు బొమ్మల్ని వరసగా నిలబెట్టి శ్రద్ధగా పరిశీలించారు. ముసలివాళ్ళు లేరని గమనించి కొన్నిటికి తెల్లజుట్టు పెట్టించారు. లావుపాటివాళ్ళ కోసం కొత్త అచ్చు చేయించడం కుదరదు గనక సన్నటి బొమ్మ చొక్కా మీద పొట్ట గీయించారు. నల్లటి మనిషి ఎంత నల్లగా ఉండాలన్న దాని మీద వాదోపవాదాలు జరిగి, చివరికి మేనేజరు గారి టేబుల్ రంగు ఖాయమైంది. ఆ టేబుల్ మీద ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

చక్రాల కుర్చీ బొమ్మ ఆలోచన మాత్రం చెల్లెలిదే. అందుకోసం మిగతా ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చి అక్కని చూపించింది. వాళ్ళు అక్క ఎదురుగా కూర్చుని అమ్మని అడిగారు.

"ఆంటీ, తనకి బొమ్మలంటే ఇష్టమేనా?"

"చిన్నప్పుడు బాగా ఆడుకునేదమ్మా."

"నన్నడిగితే నేనే చెప్తాగా," అంది అక్క. "ఇప్పుడు నాకు గడియారాలంటే ఇష్టం."

"ఎంత హుషారో," అన్నారు వాళ్ళు అమ్మతో.

గడియారాల మాట అక్క ఊరికే అనలేదు. సందు చివర గడియారాలు బాగుచేసే ఆయన, "నీ చెయ్యి కుదురుగా ఉందమ్మా, వచ్చి కూర్చో, పని నేర్పి జీతమిస్తా," అన్నాడు. అడ్డం ఒక్కటే, గుమ్మం ముందున్న మెట్టు. నాన్న ఎత్తి దించితే తప్ప కుర్చీ వీధిలోకి దిగదు. రోజూ ఎత్తడానికి నాన్న నడుం ఒప్పుకోదు. మెట్టుకి ఏటవాలుగా ఒక చెక్క వేయించమని అక్క అడుగుతూనే ఉంది.

"చెక్క వేస్తే ఇల్లు ఆస్పత్రిలా ఉంటుందే," అంటాడు నాన్న.

"చూద్దాంలే," అంటుంది అమ్మ. ఆ ఇంట్లో చూద్దాం అన్నవేవీ ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఈలోగా కంపెనీలో బొమ్మ తయారై వచ్చింది. బొమ్మ బాగుంది, కుర్చీ బాగుంది, కానీ అది బొమ్మల ఇంటి గుమ్మంలో పట్టలేదు. తలుపు అచ్చు మార్చడం సంస్థ సంప్రదాయానికి విరుద్ధం. అందుచేత బొమ్మని తోటలో, గొడుగు కింద శాశ్వతంగా ఉంచాలని తీర్మానించారు. "ఇంట్లోకి వెళ్ళాలన్న కోరిక ఆ బొమ్మకి ఉన్నట్టు మా పరిశోధనలో తేలలేదు," అని చెల్లెలు నివేదికలో రాసింది. ఆ వాక్యానికే ఆమెకి ఉద్యోగం ఖాయమైంది.

"మరి వానొస్తేనో?" అని అడిగింది అక్క.

"గొడుగుందిగా అక్కా."

ఇస్త్రీ అయింది. చొక్కా అందిస్తూ అక్క, "నాన్నా, ఇవాళ కూడా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని గడియారాలాయన కబురు పెట్టాడు. ఒక్కసారి దించవా?" అంది.

"ఇప్పుడా? ఇస్త్రీ నలిగిపోదూ? రేపు చూద్దాం."

"కాసేపు వెనక గదిలో ఉండమ్మా," అంది అమ్మ. "ముందు గదిలో కుర్చీలు పట్టట్లేదు."

మేనేజరు గారు ఫొటోగ్రాఫరుతో సహా వచ్చారు. ఇద్దరు మనుషులు ఒక మందపాటి చెక్కబోర్డు మోసుకొచ్చారు. దాని మీద పెద్ద అక్షరాలతో 'అందరికీ చోటు' అని చెక్కి ఉంది. ఇంట్లో చోటు లేనందున దాన్ని బయట గుమ్మం పక్కన గోడకి ఆనించారు.

మేనేజరు గారు లేచి నిలబడ్డారు. "ఈ సమాజంలో తలుపులు మూసేవాళ్ళున్నారు. మేం తెరిచేవాళ్ళం. బయట మీరు చూసిన బోర్డు మా మాటంత గట్టిది. ఏనుగెక్కినా విరగదు. ఇంతకీ, ఈ పరిశోధనకి స్ఫూర్తి ఎక్కడ?"

స్ఫూర్తిని వెనక గదిలోంచి తోసుకొచ్చారు. ఫొటో తీశారు. నవ్వు సరిపోలేదని మళ్ళీ తీశారు. తర్వాత అందరూ కాఫీకి వంటింటి వైపు కదిలారు. అక్కని ఎటు తొయ్యాలో ఎవరికీ గుర్తులేదు.

ఆమె తనే చక్రాలు తిప్పుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. చెయ్యి చాచి బోర్డు అంచు పట్టుకుని లాగింది. అది గోడ వెంట జారి మెట్టు మీద ఏటవాలుగా పడింది, అక్షరాలు పైకి. లోపల చప్పట్లు కొడుతున్నారు గనక ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఫొటోగ్రాఫరు కెమెరా సర్దేసుకున్నాడు కాబట్టి ఆ తర్వాత జరిగినదానికి ఆధారం లేదు.

ఏనుగు మాట తెలియదు గానీ, కుర్చీకి బోర్డు విరగలేదు. అక్షరాల మీదుగా చక్రాలు దిగాయి. అక్క సందు చివరికి వెళ్ళిపోయింది.