తిరిగి రావలసిన విమానం

కాఫీ కప్పులు తీయగానే భోజనాల బల్ల మీద బొమ్మ విమానాన్ని నిలబెట్టి దానికి రిమోట్ కుదర్చాలనీ, ఎండ ముదరకముందే మైదానానికి వెళ్ళి ఎగరెయ్యాలనీ ఆ ఉదయం అనుకున్నారు. అనుకున్నది భర్త. కుదర్చడానికి నడుం బిగించింది మాత్రం భార్య. పోయిన ఏడాది ఆయన స్వయంగా కుదిర్చిన విమానం మైదానం చివరి చెట్లు దాటి, వెళ్ళొస్తానని ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆయనకు చాలా రోజులు తిండి సయించలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఆకాశం చూసేవాడు. ఆ ముఖం మళ్ళీ చూడటం ఆవిడ వల్ల కాదు. ఈ విమానం తిరిగి రావలసిందే.

అందుకే రిమోట్‌తో వచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివింది.

"సిగ్నల్ తెగిపోతే ఇదేం చెయ్యాలో ముందే నేర్పొచ్చటండీ. రిమోట్‌కీ దీనికీ జత కలిపేటప్పుడు మీటలు ఎలా పెడితే అలా గుర్తు పెట్టుకుంటుందట."

"అక్కా, వేగం మీట కిందికి పెట్టు. మోటారు ఆగిపోతుంది," అన్నాడు తమ్ముడు.

"నీ మొహం! అంత పైన ఆగిపోతే ఇంటికెలా వస్తుంది? రావాలంటే దానికి ఓపికుండొద్దూ?" అంటూ మీట పూర్తిగా పైకి తోసి జత కలిపింది.

"పోనీ ఆ ప్రొపెల్లరైనా తియ్యి."

"మీ బావ తియ్యనిస్తేగా!"

"ముక్కు లేకుండా దాని ముఖం నేను చూళ్ళేనోయ్," అన్నాడు బావ.

ఆవిడ మీట కిందికి దించి విమానం తోకను పరీక్షించింది. ఎడమంటే ఎడమకీ, కుడంటే కుడికీ కదిలింది. "చూశారా, ఎంత చక్కగా మాట వింటోందో!"

"చాల్లే, బ్యాటరీలు అయిపోతాయి," అంటూ భర్త రిమోట్ అందుకుని ఆఫ్ చేశాడు.

సిగ్నల్ తెగింది. విమానానికి ఓపిక వచ్చింది.

ఒక్క అరుపు అరిచి, పేపరు కాగితాలను చెదరగొట్టి, బల్ల చివరి నుంచి దూకి, చక్రాల మీద దిగి తమ్ముడి మీదికి పోయింది.

"ఆఫ్ చెయ్యండి బావా!"

"చేసే ఉందిరా!"

"నిన్న ఎగరదన్నానని ఈ కక్షా? ఇటివ్వండి!" తమ్ముడు రిమోట్ లాక్కుని, అనుమానం తీరక బ్యాటరీలు కూడా పీకి పారేశాడు. అవి దొర్లుకుంటూ సోఫా కిందికి పోయాయి. విమానం గోడకు తగిలి, తిరిగి బావ వెంట పడింది. ఆయన వీధి తలుపు తీసి పరుగందుకున్నాడు. అదీ గడప దాటింది.

మళ్ళీ వెళ్ళిపోతోంది! కానీ ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. సిగ్నల్ లేకపోతేనే కదా ఇంత హడావుడి, ఇస్తే సరి. కొంగు దోపుకుని సోఫా కింద బోర్లా పడుకుంది. "ఆపడానికి మళ్ళీ ఆన్ చేస్తావా? నీకు మతి పోయిందే అక్కా!" అని తమ్ముడు కాళ్ళు పట్టి లాగుతున్నా వదలక, బ్యాటరీలు ఏరి, రిమోట్‌లో వేసి ఆన్ చేసింది.

విమానం గేటు దగ్గర ఠక్కున ఆగింది.

ఆవిడ పరుగున వెళ్ళి దాన్ని గుండెలకు హత్తుకుంది. భర్త వీధి మలుపు దగ్గర నిలబడి రొప్పుతున్నాడు. "ఇక భయం లేదు, రండి!" అని చెయ్యి ఊపింది. ఆ చేతిలో ఉన్నది రిమోట్. అది చూసి ఆయన మలుపు తిరిగి మాయమైపోయాడు.

ఎదురుచూసినా రాకపోతే, తిన్నగా మైదానానికే వెళ్ళుంటాడనుకున్నారు. ఈసారి ప్రొపెల్లర్ ఊడదీసి, మీట కిందికి దించి, అక్కాతమ్ముళ్ళు మళ్ళీ జత కలిపారు. రిమోట్ ఆఫ్ చేసి చూస్తే విమానం కిక్కురుమనలేదు. ప్రొపెల్లర్ బిగించుకుని మైదానానికి వెళ్ళారు. ఆయన అక్కడ లేడు. ఆవిడే ఎగరేసింది. విమానం చెట్ల దాకా వెళ్ళింది. ఆవిడ మీట తిప్పింది. అది బుద్ధిగా వెనక్కి మళ్ళి వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గరే దిగింది.

అంత దూరం పరుగెత్తిపోయిన ఆయన సాయంత్రం బస్సులో తిరిగి వచ్చాడు.