మూసినట్టు ధ్రువీకరించడమైనది

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను. తన ఇంటి కప్పు మీది మూత మూసి ఉందో లేదో మనిషి తానే చూసుకునే దశ నుంచి, అది చూడడానికి ఒక సంఘం ఏర్పడే దశకు ఎదగడమే నాగరికత. ఆరిజోనా ఎడారిలోని మా మెస్కీట్ ఫ్లాట్స్ ట్రైలర్ పార్కు పోయిన వసంతంలో ఆ దశకు చేరుకుంది.

మేమంతా చలికాలం ఇక్కడ గడిపి, ఎండలు ముదరగానే ట్రైలర్ ఇళ్లను పికప్ ట్రక్కులకు తగిలించుకుని ఉత్తరానికి వెళ్లిపోయే వయసుమళ్లిన వాళ్లం. ప్రతి ట్రైలర్ కప్పు మీదా గాలి కోసం ఒక చిన్న కిటికీ ఉంటుంది. లోపల పిడి తిప్పితే పైన ప్లాస్టిక్ మూత లేస్తుంది. ట్రైలర్ ఆగి ఉన్నప్పుడు అది తెరిచి ఉంటే హాయి. రోడ్డెక్కాక తెరిచి ఉంటే గాలి దాన్ని పెకలించి వెనక వచ్చేవాడి అద్దం మీద పడేస్తుంది. ఈ సంగతి మా పార్కులో పిల్లులకు కూడా తెలుసు. నా భార్య జోన్ బతికున్న రోజుల్లో మూత తెరిచినప్పుడల్లా ట్రక్కు స్టీరింగుకు ఒక బట్టల క్లిప్పు తగిలించేది. బయల్దేరేటప్పుడు క్లిప్పు కనబడితే వెళ్లి మూత మూసేవాళ్లం. పార్కులో సగం మంది చేసేది ఇదే. (ఇందులో సమావేశం, తీర్మానం, టోపీ ఏవీ లేవు కనక దీన్ని పద్ధతి అనకూడదని తర్వాత తెలిసింది.)

ఇలా ఉండగా మా నివాసుల సంఘం అధ్యక్షుడు హార్లన్ ప్రూయిట్ ఒకరోజు మూత తెరిచి ఉంచే బయల్దేరాడు. మూత పోయింది. మామూలు మనిషి మరిచిపోతే దాన్ని మరుపు అంటారు. అధ్యక్షుడు మరిచిపోతే అది వ్యవస్థలో లోపం. లోపాన్ని సరిదిద్దడానికి 'కప్పు కిటికీల భద్రతా సంఘం' పుట్టింది. దానికీ హార్లనే అధ్యక్షుడు, ఎందుకంటే మూత ఎగిరిపోయిన అనుభవం పార్కులో ఆయనొక్కడికే ఉంది.

నియమాలు సరళమైనవి. పార్కు వదిలే ప్రతి ట్రైలరూ గేటు దగ్గర ఆగాలి. యజమాని ట్రక్కులో కూర్చుని రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాలి (తనిఖీని ప్రభావితం చేయకుండా). మొదట అంతర్భాగ అధికారి బెర్నడీన్ స్ట్రౌడ్ సంఘం ఇచ్చిన టోపీ పెట్టుకుని ట్రైలర్ లోపలికెళ్లి మూత మూసి ఉందని నిర్ధారిస్తుంది. తర్వాత కప్పు అధికారి డ్వేన్ కెసెల్ నిచ్చెనెక్కి, అది నిజంగా మూతేనని నిర్ధారిస్తాడు. మూత అని ఎలా తెలియాలి? కదలాలి. కదలని మూత బొమ్మ మూత కావచ్చని హార్లన్ ఒక సమావేశంలో సందేహం వెలిబుచ్చాడు. అందుచేత లోపలి నుంచి బెర్నడీన్ పిడి తిప్పి మూత తెరుస్తుంది. పైనుంచి డ్వేన్ "కదిలింది" అని అరుస్తాడు. ఆమె దిగి వచ్చి తలుపుకు ఆకుపచ్చ టేపు అంటిస్తుంది.

మొదట్లో బెర్నడీన్ దిగే ముందు మూత మళ్లీ మూసేది. ఎవరూ చెప్పకుండానే మూసేది. ఇది హార్లన్ కంటపడింది.

"అది ఏ నియమం కింద మూస్తున్నావు?" అని సమావేశంలో అడిగాడు.

"తెరిచాను కాబట్టి మూస్తున్నాను," అంది బెర్నడీన్.

"మూసి ఉందని మొదటే నిర్ధారించావు కదా. మళ్లీ మూస్తే అంతకుముందు నువ్వు చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే."

"మరి తెరిచి వదిలేయమంటావా?"

"నేను తెరవమనడం లేదు, మూయమనడం లేదు. అదనంగా ఏదీ చేయొద్దంటున్నాను."

తీర్మానం నెగ్గింది. ఆ తర్వాత గేటు దగ్గరికి వచ్చిన మొదటి ట్రైలర్ ఓపల్ టెటర్‌ది.

ఓపల్ నా పక్క స్థలంలో ఉంటుంది. మొగుడు పోయాక కూడా ట్రైలర్ తానే లాగుతుంది. ఉత్తరాన కొండల మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆమె కూతురు మార్లాకు మర్నాడు పొద్దున్నే గుండె ఆపరేషన్. మార్లా కోలుకునేదాకా ఆ ఇంటి పెరట్లోనే ట్రైలర్ పెట్టుకుని ఉండాలని ఓపల్ సామాను సర్దుకుంది. చీకట్లో ఆమెకు రోడ్డు సరిగ్గా కనబడదు. పొద్దు ఉండగానే చేరాలి.

నేను ఆమె వెనకే నా ట్రైలర్‌తో లైనులో ఉన్నాను. డ్వేన్ అప్పుడే మాంసం శాండ్‌విచ్ తిన్నాడు. తిన్నవాడు అరిగేదాకా నిచ్చెన ఎక్కకూడదని నియమం.

"హార్లన్, మూత నేనే మూశాను. కావాలంటే వచ్చి చూసుకో," అంది ఓపల్ ట్రక్కు కిటికీలోంచి.

"నువ్వు మూశావనే నమ్ముతున్నానమ్మా. కానీ నా నమ్మకంతో గేటు తెరవడం కుదరదు."

"చీకటి పడితే నేను నడపలేను. నీకు తెలుసు."

"తెలుసు కాబట్టే నిన్ను తొందరగా పంపాలని పొద్దుటి నుంచి ఈ కుర్చీలోంచి లేవలేదు."

"లేచి ఉంటే ఇంకా తొందరగా అయ్యేదేమో."

"చేతులు స్టీరింగు మీద పెట్టమ్మా."

ఆమె పెట్టింది. ఆ ఎండలో ఎవరో నడిచొచ్చి ఆమె ట్రక్కులో చల్లటి నీళ్ల సీసా పెట్టి వెళ్లారు. ఎవరో నేను చూడలేదు. అలాంటివాళ్లు మా సంఘంలో ఏ పదవిలోనూ లేరు.

చివరికి డ్వేన్ ఎక్కాడు. "కదిలింది," అన్నాడు. బెర్నడీన్ దిగి వచ్చి, తలుపు దగ్గర కాసేపు నిలబడి, హార్లన్ వైపు చూసింది. హార్లన్ టేపు చుట్ట అందించాడు. ఆమె అంటించింది. గేటు లేచింది.

మా పార్కులో ఒక ఆచారం ఉంది. ఎవరైనా వెళ్లిపోతుంటే అందరూ దారికి రెండు పక్కలా నిలబడి చేతులు ఊపుతారు. మా వయసులో ప్రతి వీడ్కోలూ శ్రద్ధగానే చెప్పాలి. ఓపల్ ట్రైలర్ గేటు దాటి మలుపు తిరిగినప్పుడు నాకు కప్పు కనబడింది. మూత నిటారుగా లేచి ఉంది.

నేను ట్రక్కు దిగి రెండు చేతులూ ఊపాను. అందరూ ఊపుతున్నారు. "మూత!" అని అరిచాను. అందరూ ఏదో ఒకటి అరుస్తూనే ఉన్నారు. ఇక గత్యంతరం లేక వేలితో పైకి చూపించాను. ఓపల్ అద్దంలో నన్ను చూసింది. గుండె మీద చెయ్యి వేసుకుని, తనూ ఒక వేలు ఆకాశం వైపు చూపించింది. కూతురి ఆపరేషన్‌కు వెళ్తున్న తనకు దేవుడున్నాడని ధైర్యం చెబుతున్నాననుకుంది పాపం.

ఫోన్ చేశాను. బండి నడిపేటప్పుడు ఓపల్ ఫోన్ ఎత్తదు. మా పార్కులో బుర్రపెట్టి ఆలోచించి పెట్టుకున్న నియమం అదొక్కటే, దాన్ని ఆమె తనకు తానే పెట్టుకుంది.

హార్లన్ దగ్గరికి వెళ్లాను. "ఆవిడ మూత తెరిచి ఉంది. గేటు తియ్యి, వెళ్లి ఆపుతాను."

"గేటు దాటిందా?"

"దాటింది."

"అయితే ప్రస్తుతం మన పార్కులో మూత తెరిచి ప్రయాణిస్తున్న ట్రైలర్ లేదన్నమాట."

"హార్లన్, నన్ను వెళ్లనియ్యి."

"నీ మూత చూడకుండా ఎలా వదులుతాం లైల్? ఇప్పుడే ఒకటి తెరిచి పోయిందని నువ్వే అంటున్నావు."

ట్రైలర్ విప్పేసి ట్రక్కుతో వెళ్తానన్నాను. లైనులో విప్పడానికి వీల్లేదట. డ్వేన్ నిచ్చెన నా బండికి ఆనించాడు.

ఓపల్ మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. కొండ ఎక్కేటప్పుడు పెద్ద చప్పుడైందట. అద్దంలో మూత గిరికీలు కొడుతూ లోయలోకి పోవడం చూసిందట. ఆ ఎత్తులో వసంతంలోనూ పడే మంచు మొదలైంది. కప్పులో పడిన రంధ్రం సరిగ్గా మంచానికి పైనే ఉంది. పెట్రోలు బంకులో ఆపితే ఒక లారీ డ్రైవరు ఆ మంచులోనే పైకెక్కి టార్పాలిన్ కప్పి టేపు వేశాడట. డబ్బిస్తే తీసుకోలేదు, పేరడిగితే చెప్పలేదు, పైగా తన పొడి దుప్పటి ఇచ్చిపోయాడు. అతను దిగేసరికి చీకటి పడింది. ఓపల్ ట్రక్కు సీట్లోనే ఆ దుప్పటి కప్పుకుని పడుకుని, తెల్లవారగానే బయల్దేరింది.

"నేను చేరేసరికి మార్లాను లోపలికి తీసుకెళ్లిపోయారు లైల్," అంది. "అమ్మ వచ్చిందా అని అడిగిందట. బయట కూర్చుందమ్మా అని నర్సు చెప్పిందట."

"మంచి పిల్ల ఆ నర్సు," అన్నాను.

"మంచి పిల్లే. ఆపరేషన్ బాగానే అయింది. మార్లా ఇంకా కళ్లు తెరవలేదు. తెరిచాక ఏం చెప్పాలా అని చూస్తున్నాను. నర్సు మాటే నిలబెట్టనా?"

"నిలబెట్టు," అన్నాను.

ఆ వారం సమావేశంలో నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. బెర్నడీన్ తన టోపీ తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. (రాజీనామాకు అది సరైన పద్ధతి కాదని తర్వాత ఆమెకు తెలియజేశారు.) తాను చూసినప్పుడు మూత కదిలిన మాట ముమ్మాటికీ నిజమని డ్వేన్ సాక్ష్యం చెప్పాడు.

హార్లన్ ఈసారి కుర్చీలోంచి లేచాడు.

"మూత ఎగిరిపోయాక అక్కడ మిగిలేది కిటికీ కాదు," అన్నాడు. "రంధ్రం. రంధ్రాలు ఈ సంఘం పరిధిలోకి రావు. ఇక గేటు దగ్గరంటారా, మూసి ఉన్నట్టు నిర్ధారణ ఉంది. కాబట్టి ఈ వసంతంలో మూత తెరిచి మన పార్కు వదిలిన ట్రైలర్ ఒక్కటి కూడా లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కింటివాణ్ణి కనక, ఓపల్ తరఫున కూడా కొట్టమని నన్ను అడిగారు.