పర్లేదు గారి మొదటి వద్దు

మర్యాద ఇన్నాళ్ళూ మనుషుల చేతుల్లో ఉండటం వల్లే పాడైపోయిందని పెద్దలు ఆలస్యంగానైనా గ్రహించి, దాన్ని ఒక యాప్ చేతిలో పెట్టారు. ఇందుకు ఉద్యోగి లోకమంతా వాళ్ళకు రుణపడి ఉంది. (ఎంత రుణపడి ఉందో కూడా ఆ యాపే అడుగుతుంది. ఒకటి నుంచి ఐదు నక్షత్రాల దాకా నొక్కవచ్చు.) ఇప్పుడు ఏ ఉద్యోగినీ ఎవరూ 'ఏమయ్యా' అని పిలవరు. 'గౌరవనీయులైన వినియోగదారు గారూ' అని నోరారా పిలిచి, ఆ తర్వాతే సెలవు ఇవ్వం పొమ్మంటారు.

ఇంత గొప్ప కాలం వస్తుందని ముందే తెలిసినట్టు, పుట్టినప్పటి నుంచి అందుకు తయారవుతూ వచ్చిన మనిషి తూనికల శాఖలో ఒకాయన ఉన్నారు. దుకాణాల్లో త్రాసులు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆయన పని. అసలు పేరు జీతం కాగితంలో ఉండేది. మిగతా లోకానికి ఆయన పర్లేదు గారు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే "పర్లేదండీ" అనేవారు. తొక్కినవాడు కాలు తీయడం మరిచిపోతే, దిగవలసిన చోటు వచ్చేదాకా ఓపిక పట్టి, "మీకేమీ ఇబ్బంది లేదంటే నేనిక్కడ దిగుతానండీ" అనేవారు. పనిలో మాత్రం పక్కా. తప్పుడు త్రాసు దొరికితే దుకాణదారుడి మొహం చూడలేక, "దీనికి ఒంట్లో అంత బాగున్నట్టు లేదండీ" అని నసుగుతూనే జరిమానా రాసేవారు. రాసినందుకు క్షమాపణ చెప్పేవారు.

ఆయనకు వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి అడిగినప్పుడు "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. ఆయన పెళ్ళి కూడా ఇలాగే అయింది. జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్కడి నర్సు, ఈ మనిషి సూది గుచ్చినా "పర్లేదండీ" అంటున్నాడేమిటని ముచ్చటపడి, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని తనే అడిగింది. "వద్దులెండి" అన్నారు. మళ్ళీ అడిగింది. "మీకెందుకండీ శ్రమ" అన్నారు. రోగి వద్దన్నంత మాత్రాన మందు మానిపించే అలవాటు ఆవిడకు లేదు కనుక మూడోసారి కూడా అడిగింది.

ఇప్పుడు ఆవిడ ఉద్యోగం ఒక ఊళ్ళో, ఆయన ఉద్యోగం ఇంకో ఊళ్ళో. రోజూ భోజనం వేళకు ఇద్దరూ చెరో బల్ల మీద, మంచినీళ్ళ చెంబుకు ఫోను ఆనించుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తింటారు. చెంబు జారితే ఆవిడకు ఇంటి కప్పు కనిపిస్తుంది. అయినా ఆవిడ కబుర్లు ఆపదు, ఆయన వినడం ఆపరు. బదిలీ కోసం ఆయన పెట్టుకున్న అర్జీలు మాత్రం ఏళ్ళ తరబడి పైకి వెళుతూనే ఉన్నాయి. (ఎక్కడిదాకా వెళ్ళాయో శాఖలో ఎవరికీ తెలియదు.)

ఒకరోజు కూరగాయల బజారులో, బంగాళదుంపల బండి మీది త్రాసులో ఆయన తన తూకపు రాళ్ళు పెట్టి చూస్తుండగా ఫోను మోగింది.

'గౌరవనీయులైన వినియోగదారు గారూ, తమ శ్రీమతి గారు పనిచేయుచున్న ఊరికి తమను బదిలీ చేయదలచాము. దయచేసి తమకు సమ్మతమేనా?' కింద రెండు బటన్లు. కావాలి. వద్దు.

గుండె గంతులేసింది. బొటనవేలు 'కావాలి' వైపు దాదాపు వెళ్ళిపోయింది కూడా. అంతలోనే సిగ్గేసింది. అంత పెద్ద శాఖ, దయచేసి అని బతిమాలుతుంటే, ముఖం వాచినవాడిలా ఎగబడటమా? వాళ్ళేమనుకుంటారు? ఆయన వినయంగా 'వద్దు' నొక్కి, ఫోను అరచేతిలో పెట్టుకుని, చిరునవ్వుతో ఎదురుచూశారు.

'తమ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాము' అంది యాప్.

"ఏంటి సార్, నవ్వుతున్నారు? ఏమన్నా మంచి కబురా?" అని అడిగాడు బండి అతను.

"అవునండీ. ఇంకో రెండుసార్లు అడగాలి, అంతే."

సాయంత్రానికల్లా ఆ బదిలీ వరుసలో తర్వాతి మనిషికి వెళ్ళిపోయింది. అతను పర్లేదు గారి పక్క సీటులోనే కూర్చుంటాడు. ఏ కాగితమూ చదవకుండా సంతకం పెడతాడు కాబట్టి అందరూ దూకుడు అంటారు. యాప్ అడగడమూ ఇతను 'కావాలి' నొక్కడమూ ఒకేసారి జరిగాయి. తర్వాత చదువుకుని, తలపట్టుకుని వచ్చాడు.

"పర్లేదు గారూ, ఆ ఊళ్ళో నాకెవరున్నారండీ! చూడకుండా నొక్కి చచ్చాను. మీకు కావాలంటే చెప్పండి, ఇప్పుడే వెనక్కిచ్చేస్తా."

"అయ్యో, వద్దండీ. ఎంత మాట!"

"అంతేనంటారా?"

ఇది రెండోసారి అడగడం కిందికి వస్తుందా రాదా అని పర్లేదు గారు ఆలోచిస్తూ ఉండగానే, దూకుడు "సరే, నా ఖర్మ" అనుకుంటూ సామాను సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ పూట చెంబుకు ఆనించిన ఫోనులో ఆవిడ ముద్ద కలపడం మానేసి కూర్చుంది.

"యాప్‌తో మొహమాటమేంటండీ?"

"అది చాలా మర్యాదగా అడిగిందండీ. మీరైనా..." (ఆయన భార్యను కూడా మీరనే అంటారు. ఇంటి పిల్లిని కూడా.)

"నేను మూడుసార్లు అడిగాను కాబట్టి మీకు పెళ్ళయింది. ఊళ్ళో అందరూ నాలా అడుగుతూ కూర్చుంటారా? రేపే వెళ్ళి అప్పీలు చేయండి. నోరు తెరిచి కావాలి అని అడగండి. ఏదీ, ఒకసారి అనండి, వింటాను."

"కా..."

"గట్టిగా."

"కావాలి."

"హమ్మయ్య. ఇక తినండి."

అప్పీళ్ళు చూడటానికి ప్రభుత్వం అప్పటికే మొహమాట నిర్ధారణ విభాగం తెరిచింది. పర్లేదు గారిలా పద్ధతిగా పెరిగినవాళ్ళు శాఖ నిండా ఉండటం వల్ల, ప్రమోషన్లూ సెలవులూ ఆఖరికి జీతం పెంపూ కూడా మొదటిసారి అడగ్గానే 'వద్దు' అయిపోయి, వాటిని ఏం చేసుకోవాలో తెలియక పెద్దలు సతమతమవుతున్నారు. ఈ విభాగం పని ఒక్కటే. వచ్చిన వద్దు నిజమైన వద్దా, మర్యాద వద్దా అన్నది తేల్చడం. (అలిగి అన్న వద్దుకు వేరే కిటికీ ఉంది. అక్కడికి అలక తీర్చవలసిన మనిషిని వెంట తీసుకురావాలి.)

పర్లేదు గారు లోపలికి వెళ్ళగానే నిర్ధారణాధికారిణి కళ్ళజోడు సవరించుకుని, "కూర్చోండి" అన్నారు.

"పర్లేదండీ."

ఆవిడ ఏదో రాసుకున్నారు. "పర్లేదు, కూర్చోండి."

"మీ పనికి అడ్డమేమోనండీ."

"కూర్చోవాలి."

"మీరింతగా అంటున్నారు కాబట్టి" అని ఆయన కుర్చీ అంచున ఎంత ఆనాలో అంతే ఆని కూర్చున్నారు. ఆవిడ కళ్ళు మెరిశాయి. అటెండరు టీ తెచ్చాడు. వయసులో కొడుకులాంటి ఆ అటెండరును పర్లేదు గారు "ఎందుకన్నా ఇవన్నీ" అన్నారు. ఆవిడ మళ్ళీ రాసుకున్నారు. టీ కూడా వద్దు, శ్రమ, ఇంతగా అంటున్నారు కాబట్టి అన్న వరుసలోనే చేతికందింది. అందులో చక్కెర లేదు. "ఎలా ఉంది?" అని అడిగారు ఆవిడ. "అమృతమండీ" అన్నారు ఆయన. ఇక మిగిలింది పళ్ళెంలో ఒంటరిగా ఉన్న ఆఖరి బిస్కెట్టు. దాన్ని బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టి, ఆవిడ కావాలనే కిటికీ వైపు తిరిగారు. పర్లేదు గారు దానివంక కన్నెత్తి చూస్తే ఒట్టు.

"ఈ సీటులోకి వచ్చాక ఇలాంటి మనిషిని చూడలేదండీ" అన్నారు ఆవిడ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ ఊరికి మీకు బదిలీ కావాలా?"

ఆయనకు 'వద్దులెండి' నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. చెంబు పక్కన ముద్ద కలపకుండా కూర్చున్న మనిషి గుర్తొచ్చింది.

"కావాలి" అన్నారు. వెళ్ళబోతున్న అటెండరు వెనక్కి తిరిగి చూశాడు. "కావాలండీ. చాలా కావాలి. నా భార్య అక్కడుంది. ఒక్కణ్ణే కూర్చుని తినలేకపోతున్నాను."

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ మాట మనస్ఫూర్తిగా అనడం అదే మొదలు. అన్నాక ఒళ్ళు తేలికైంది. అధికారిణి మాత్రం కలానికి మూత పెట్టేశారు.

"ఎంత బాగా చేసుకొచ్చారండీ, చివర్లో పాడుచేసుకున్నారు! మొదటిసారి అడగ్గానే ఇంతలా కావాలి కావాలి అన్న మనిషికి మొహమాటం ఉందని నేనెలా సంతకం పెట్టను? మీకు మొహమాటం లేదు. లేదు కాబట్టి, ఆరోజు మీరన్న వద్దు నిజమైన వద్దే."

"మరి ఇప్పుడు వద్దని ఉంటేనండీ?"

"వద్దన్నారని రాసుకునేవాళ్ళం."

"అయితే ఏమనాలండీ?"

"మేం మళ్ళీ అడిగేదాకా ఆగాలి."

"మళ్ళీ అడిగేవారా?"

"ఆఖరి ప్రశ్న రెండోసారి అడగడానికి మా నిబంధనల్లో వీల్లేదండీ" అని ఆవిడ నొచ్చుకున్నారు. "మీరు మరోలా అనుకోకండి."

"పర్లేదండీ."

ఆవిడ కలం మూత మళ్ళీ తీసి, 'నిర్ణయంపై అర్జీదారు గారికి అభ్యంతరం లేదు' అని రాసుకున్నారు.

మెట్లు దిగుతుంటే భార్య ఫోను చేసింది. జరిగిందంతా వింది. వెనకనుంచి ఆసుపత్రి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి.

"పోనీ, నేనే ఇక్కడ మానేసి వచ్చేయనా?"

ఆయనకు రమ్మనే ఉంది. మనసంతా రమ్మనే ఉంది. కానీ ఇప్పుడే ఒకచోట ఉన్నమాట చెప్పి చేతులు కాల్చుకుని వస్తున్న మనిషి.

"వద్దులెండి" అన్నారు.

"నిజంగా వద్దా?"

"అంత మంచి ఉద్యోగం. మీకెందుకండీ శ్రమ."

అని, మెట్టు మీదే ఆగి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, చిరునవ్వుతో ఎదురుచూశారు. అవతల ఎవరో "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తున్నారు.

"సరే అయితే. డ్యూటీకి టైమైంది, ఉంటాను" అంది ఆవిడ.

ఫోను చెవి దగ్గరే ఉండగా మళ్ళీ మోగింది. ఆత్రంగా చూశారు. 'గౌరవనీయులైన వినియోగదారు గారూ, నేటి మా సేవలు తమకు ఎలా అనిపించాయి?' నాలుగు నొక్కితే పాపం అది నొచ్చుకుంటుందేమోనని, పర్లేదు గారు ఐదు నక్షత్రాలూ నొక్కారు.