సాలీళ్ళ శాఖలో బూజుకర్ర

ఒక పెద్ద అడవిలో సింహం రాజు. ఇందులో వింతేమీ లేదు. ఆ పదవికి ఎవరు పోటీ చేసినా ఆ పూటకి సింహానికి భోజనం అయిపోయేవారు కాబట్టి, ఎవరూ పోటీ చేసేవారు కాదు.

ఆ అడవిలో వాగు పక్కన నల్లమ్మ అనే గేదె ఉండేది. దాని దూడ చెవికి ముళ్ళకంప గీరుకుని పుండు పడింది. పుండు చిన్నదే. కానీ ఈగలు మాననిస్తేగా! దూడ తల విదిలించీ విదిలించీ అలిసిపోయి పాలు తాగడం కూడా తగ్గించింది. ఆ పుండులో పురుగు పడితే పిల్ల దక్కదని నల్లమ్మకు తెలుసు. దాని తొలిచూలు దూడ అలాగే పోయింది.

ఎవరు చెప్పారో ఏమో, నల్లమ్మ ఒక సాలీడును తెచ్చి పెంచుకుంది. పేరు పోగులమ్మ. దూడ పడుకునే పొదలోనే దానికి చోటిచ్చింది. గాలికి కొమ్మలు ఊగకుండా నల్లమ్మ ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడితే, పోగులమ్మ నింపాదిగా వల అల్లుకునేది. దూడ మీద ముసరడానికి వచ్చిన ఈగలు వచ్చినట్టే అందులో పడేవి. సాయంత్రానికి సాలీడుకు కడుపు నిండేది, దూడకు కునుకు పట్టేది. పుండు అంచులు ఎండడం మొదలైంది.

మంచి పని ఎక్కడో ఒక మూల సజావుగా జరుగుతుంటే కొలువుకు నిద్ర పట్టదు. విషయం కొలువు కార్యదర్శి గుంటనక్క చెవిన పడింది.

"ప్రభూ! అడవికింత మేలు చేసే జీవి ఒక గేదె పొదలో, ఏ హోదా లేకుండా పడుండటమా? ఎంత సిగ్గుచేటు!" అంది నక్క.

సింహం ముక్కు మీది ఈగను ఊదుకుంటూ, "అయితే ఏం చేద్దామంటావ్?" అంది.

"ఒక శాఖ పెడదాం."

సింహానికి శాఖలంటే మహా ఇష్టం. శాఖ అంటే ప్రారంభోత్సవం ఉంటుంది. ప్రారంభోత్సవమంటే విందు ఉంటుంది. వెంటనే సరేనంది.

శాఖకు అధికారిగా నియమించిన ఎలుగుబంటి మర్నాడే పొద దగ్గరికి వచ్చింది. నల్లమ్మ బతిమాలింది. "అయ్యా, నా పిల్ల చెవి ఇంకా మానలేదు. కాస్త ఆగి తీసుకుపొండి, మీకు పుణ్యముంటుంది."

"నీ ఒక్క దూడ సంగతి చూస్తే ఎలాగమ్మా? ఇకమీదట అడవిలోని దూడలన్నిటి చెవులూ మేమే చూస్తాం," అంది ఎలుగుబంటి, చాలా దయగా.

పోగులమ్మ పొట్ట కింద గుడ్ల మూట పట్టుకుని బయల్దేరింది. "ఏడవకు వదినా. పిల్లలు పుట్టాక ఒకదాన్ని నీ దగ్గరికే పంపిస్తాను," అని చెప్పి వెళ్ళింది.

సాలీళ్ళ శాఖకు ఇచ్చిన గుహను కడిగి, పొగ వేసి, అద్దంలా ఉంచారు. మచ్చుకైనా ఒక్క ఈగ లేదు. అక్కడే గుడ్లు పగిలి నువ్వుగింజలంత పిల్లలు పుట్టుకొచ్చాయి. పుట్టడమే తడవు, ఆకలి మొదలు.

ఎలుగుబంటి ఎక్కడినుంచో చచ్చిన జోరీగల్ని ఏరుకొచ్చి టేకాకులో వడ్డించింది. పిల్లలు ముట్టలేదు.

"మా పిల్లలు కదిలేదాన్నే తింటారు బాబూ. అదీ వాళ్ళకంటే చిన్నదై ఉండాలి. పండు మీద ముసిరే బుల్లి ఈగలైతే సరిపోతాయి," అంది పోగులమ్మ.

ఎలుగుబంటి నక్క దగ్గరికి పరుగెత్తింది. నక్క తడుముకోలేదు. "ఈగలు లేకపోతే పెంచండి."

"అదేమిటండీ, ఈగల్ని పోగొట్టడానికే కదా మనం..."

"అది ఆశయం. ఇది అమలు. రెండూ కలపకు."

అలా ఈగల పెంపకం మొదలైంది. పనసపళ్ళు, అరటిపళ్ళు మోసుకొచ్చి కుళ్ళబెట్టే పని కోతులకు అప్పగించారు. కోతులు తొనలు దారిలోనే తినేసి తొక్కలు మాత్రం నిజాయితీగా చేర్చేవి. తొక్కలతోనే ఈగలు బ్రహ్మాండంగా పెరిగాయి. బుల్లి ఈగల కోసం పెట్టిన విందుకు పెద్ద ఈగలు కూడా పిలవకుండానే వచ్చి స్థిరపడ్డాయి.

పోగులమ్మ సంబరపడి గుహ మూలన పెద్ద వల అల్లింది. పిల్లలు చిన్న చిన్నవి అల్లుకున్నాయి. ఇక బువ్వ దొరికినట్టే అనుకున్నాయి పాపం.

అంతలో నక్క తనిఖీకి వచ్చింది. పైకి చూసి కెవ్వుమంది. "ఏమిటీ బూజు? రాజుగారు వచ్చే చోట ఇంత బూజా?"

ఎలుగుబంటి బూజుకర్ర అందుకుంది. పోగులమ్మ అడ్డం పడింది. "అది బూజు కాదు నాయనా! మా వల! అది లేకపోతే మేం వేటాడేదెట్లా?"

"నాకు తెలీదనుకున్నావా తల్లీ? కానీ పైనుంచి ఆర్డరు," అని ఎలుగుబంటి శుభ్రంగా దులిపేసింది. ఆ రోజు మొదలు అవి అల్లడం, ఇది దులపడం. కడుపులో ఊరే దారమంతా ఖర్చయిపోయి పోగులమ్మ ఎండుటాకులా అయింది.

పిల్లల్లో బలమైనవి బలహీనమైనవాటి వంక అదోలా చూడసాగాయి. "ఆకలేస్తే మావాళ్ళు తోడబుట్టినవాళ్ళని కూడా తింటారయ్యా," అని పోగులమ్మ లబోదిబోమంది.

"అది మా కొలువులోనూ ఉన్నదే," అంది నక్క. "పిల్లలకు ఆకలిగా ఉందంటే ఈగలు చాలడం లేదన్నమాట. ఇంకా పెంచండి!"

ఇంకా పెంచారు. తినేవాళ్ళు లేక ఈగలు అడవంతా కమ్ముకున్నాయి. వాటిలో ఒక లావుపాటి పచ్చ ఈగ నాయకత్వం తీసుకుని కొలువుకు వచ్చింది. "మేం అల్లాటప్పా ఈగలం కాదు. సాక్షాత్తూ శాఖ పెంచిన ఈగలం. దారినపోయే ప్రతివాడూ మమ్మల్ని తోకతో కొడుతున్నాడు. మాకు రక్షణ లేదా?" అంది. న్యాయమేననిపించి, ఈగల మీద తోక ఎత్తకూడదని నక్క దండోరా వేయించింది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందంటారు, ఇక్కడ ఈగకిచ్చారు.

నల్లమ్మ దూడ చెవికి మళ్ళీ చీము పట్టింది. ఈసారి పిల్ల లేచి నిలబడటం కూడా కష్టమైంది. నల్లమ్మ దాన్ని మూతితో తోసుకుంటూ కొలువుకు వచ్చింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మీ శాఖ నాకొద్దు. నా సాలీడును నాకిచ్చెయ్యండి."

"పోగులమ్మ ఇప్పుడు కొలువు ఆస్తి. పొదల్లో పనిచెయ్యదు," అంది నక్క.

"పోనీ, ఇక్కడన్నా చేస్తోందా?"

"చెయ్యాలంటే వల కావాలి. వల ఉంటే శుభ్రత ఉండదు. అయినా నీ దూడ మీద వాలినవి కొలువు ఈగలు. కాస్త మర్యాదగా చూసుకో."

నల్లమ్మ దూడ చెవి నాకుతూ అక్కడే నిలబడిపోయింది. ఏ మాటకామాటే చెప్పాలి, ఈ కథలో ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

శాఖ వార్షికోత్సవం వచ్చింది. గుహ ముందు పొడుగాటి వెదురుకు జెండా కట్టారు. సింహం వేంచేసింది. జంతువులన్నీ తోకలు కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాయి. సాలీడు పిల్లల్ని ప్రదర్శనకు బయటికి తెచ్చారు.

పోగులమ్మ గాలి వాటం చూసింది. "ఒరేయ్, వెదురెక్కండిరా!" అంది.

పిల్లలు జెండా దాకా పాకాయి. కాలివేళ్ళ మీద నిలబడి, రాజుగారి ఎదుటే పిర్రలు ఆకాశానికెత్తి, సన్నని దారాలు వదిలాయి. ఆ దారాలు పట్టుకుని ఒక్కొక్కటే గాలిలో ఎగిరిపోయాయి.

జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి. నక్కకు ఏం జరుగుతోందో తెలియకపోయినా, "ప్రత్యేక కార్యక్రమం ప్రభూ!" అంది.

సింహం ఆనందంగా లేచి ఉపన్యాసానికి నోరు తెరిచింది. నోటినిండా ఈగలు దూరాయి. ముక్కులోకి దూరాయి, చెవుల్లోకి దూరాయి. తుమ్మీ దగ్గీ సింహం తోక ఎత్తింది.

"ప్రభూ, తోక!" అని గద్దించింది పచ్చ ఈగ.

తన దండోరా తనకే అడ్డమొచ్చిన సింహం తోక దించుకుని, ఒక్క ఉరుకున వెళ్ళి వాగులో ముక్కుదాకా మునిగింది. కొలువంతా వెనకాలే మునిగింది.

ఆ గొడవలో నల్లమ్మ వచ్చి గుహ ముందు కొమ్ము వంచింది. పోగులమ్మ మెల్లగా ఎక్కి కూర్చుంది. బూజుకర్ర పట్టుకుని నిలబడ్డ ఎలుగుబంటి మొహం పక్కకు తిప్పుకుంది. "నేనేమీ చూళ్ళేదు. నా కళ్ళల్లో ఈగలున్నాయి," అంది.

దూడ బతికింది. చెవికి చిన్న గంటు మిగిలింది, అంతే. గాలికి కొట్టుకుపోయిన పిల్లలు ఏ పొదలో పడితే ఆ పొదలో వల అల్లుకున్నాయి. ఒకటి రెండు నల్లమ్మ పొదకే చేరాయి. ఇప్పుడు ఎవరి సాలీడును వాళ్ళు గుట్టుగా పెంచుకుంటున్నారు, కొలువుకు తెలియకుండా.

శాఖ మాత్రం అలాగే ఉంది. సాలీడు ఒక్కటీ లేదు కాబట్టి గుహ అద్దంలా మెరుస్తోంది. ఎలుగుబంటి రోజూ లేని బూజు దులుపుతోంది. కోతులు తొక్కలు తెస్తూనే ఉన్నాయి. "రేపెప్పుడైనా సాలీళ్ళు తిరిగొస్తే ఆకలితో ఉండకూడదు కదా!" అంటుంది నక్క.

నీతి: ఈగలు పోవాలంటే ఒక్క సాలీడు చాలు, సాలీళ్ళు పోవాలంటే ఒక్క శాఖ చాలు.