మేఘబాహు పోయిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం రత్నమాణిక్యం గారి పథకంలో లోపమేమీ లేదు. సామర్లకోట నుంచి పెళ్ళికూతురి తండ్రి రైల్లో వచ్చి తణుకులో దిగుతారు. ఇల్లు చూస్తారు, అబ్బాయిని చూస్తారు, ఉప్మాపెసరట్టు తింటారు, ముహూర్తాల మాట ఎత్తుతారు. ఆయన ఎత్తకపోతే ఆవిడే ఎత్తుతుంది. ఇందుకు అడ్డం రాగలిగింది ఆ ఇంట్లో ఒక్కటే. కొడుకు ఉదయభాస్కర్ పదో తరగతి నుంచి కూడబెట్టిన బొమ్మల కథల పుస్తకాలు. వాటిని ఆవిడ పొద్దున్నే బియ్యం డ్రమ్ములోకి దించి, పైన బియ్యం పోసేసింది.

ఆవిడ భయానికి కారణం ఉంది. ముప్పైకి దగ్గరపడ్డ మనిషి, సహకార బ్యాంకులో గుమాస్తా, నెలనెలా మేఘబాహు అనే ముసుగువీరుడి సాహసాలు చదువుతాడు. చదివి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. భీమవరంలో రొయ్యల చెరువులున్న శ్రీనివాసరాజుతో కూర్చుని, మేఘబాహు పిడికిలికి ఆ బలం పిడుగు వల్ల వచ్చిందా, తపస్సు వల్ల వచ్చిందా అని పూటలకు పూటలు చర్చిస్తాడు. ఈ సంగతి తెలిసి ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది కూడా తప్పిపోతే తట్టుకోలేనివాడు మాత్రం ఉదయభాస్కరే. కడియంలో ఒక పెళ్ళిలో ఈ సామర్లకోట పిల్ల, హారతి, వడ్డిస్తూ, అతను వద్దంటున్నా వినకుండా రెండో గారె వేసింది. ఆనాటి నుంచి అతనికి మరో పిల్ల కంటికి ఆనడం లేదు.

"ఇవాళ ఆ మేఘాలాయన పేరెత్తావంటే నా మీద ఒట్టే," అని తల్లి తన నెత్తిన చెయ్యి వేయించుకుని మరీ, పూతరేకులు తెమ్మని అతన్ని బస్టాండుకు పంపింది. పథకానికి మొదటి చిల్లు ఇక్కడే పడింది. బస్టాండులో మిఠాయి కొట్టు పక్కనే పుస్తకాల కొట్టు ఉంది.

అతను అటు వెళ్ళగానే పక్కింటి చిన్నమ్మాయి గారింట్లో ఫోను మోగింది. ఆ వీధి మొత్తానికి ఫోను అదొక్కటే.

"ఉదయ్ ఉన్నాడాండి? నేను భీమవరం నుంచి శ్రీనివాసరాజునండి."

"లేడు బాబూ, బయటికెళ్ళాడు. ఏంటి సంగతి?"

"మనవాడు పోయాడని చెప్పండి. ఫోటో కట్టించాను. పట్టుకుని వచ్చేస్తున్నానండి." ఆ పైన ఏడుపు, ఆ పైన ఫోను పెట్టేసిన చప్పుడు.

చిన్నమ్మాయి గారు చావుకబురు చెప్పే పద్ధతి తెలిసిన మనిషి. అలాంటి కబురు ఖాళీ కడుపున చెప్పకూడదు. ముందు ఆ మనిషి నాలుగు మెతుకులు తినాలి. అందుకని ఆవిడ రత్నమాణిక్యం గారికి తప్ప వీధిలో అందరికీ చెప్పేసి, గిన్నె నిండా వేడి ఉప్మా తీసుకుని వచ్చింది.

"ముందు ఇది తినండి వదినగారూ."

"ఇంట్లో పెసరపిండి రుబ్బి పెట్టుకుని, మీ ఉప్మా ఎందుకండీ?"

"తినండి. తరవాత తినాలనిపించదు."

రత్నమాణిక్యం గారికీ ఆ పద్ధతి తెలుసు. అడగని ఉప్మా ఎందుకొస్తుందో ఆవిడకు చెప్పక్కర్లేదు. తలెత్తి చూస్తే, అరుగు కింద చెప్పులు విప్పేసి వీధి వీధంతా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తాడేపల్లిగూడెంలో మంచాన పడ్డ అన్నగారు ఆవిడ కళ్ళముందు మెదిలాడు. "అన్నయ్యా!" అంటూ కూలబడిపోయింది.

పోయింది అన్నగారని వీధికి అప్పుడే తెలిసింది. అప్పటిదాకా ఎవరూ ఎవరినీ అడగలేదు. పరామర్శకు వచ్చి, పోయిందెవరని అడగడం కంటే పరువు తక్కువ పని ఆ ప్రాంతంలో మరొకటి లేదు.

మైల లెక్కల్లో ఆ వీధికి పెద్దదిక్కు బుల్లిరాజు గారు. ఆయన వచ్చీ రాగానే పొయ్యి ఆర్పించాడు. "జ్ఞాతులైతే పది రోజులు. మేనమామకైతే అంత ఉండదు. ఏదైనా ఇవాళ శుభకార్యం మాట ఎత్తకూడదండి," అని తేల్చాడు. పెసరపిండి గిన్నె మూతపడింది.

సరిగ్గా అప్పుడే ఉదయభాస్కర్ వచ్చాడు. చేతిలో పూతరేకులు లేవు. చొక్కా లోపల కొత్త సంచిక ఉంది. కొట్టు ముందు నిలబడే మొత్తం చదివేశాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ కళ్ళు చూసి వీధిలో మిగిలిన ఒకటి రెండు అనుమానాలు కూడా తీరిపోయాయి.

"నీకూ తెలిసిందా నాయనా," అంది చిన్నమ్మాయి గారు. "భీమవరం రాజుగారు ఫోన్ చేశారు, మనవాడు పోయాడని. మీ అమ్మని పట్టడం మావల్ల కావట్లేదు."

ఉదయభాస్కర్‌కు అంతా అర్థమైంది. తల్లి పక్కన కూర్చుని చెవిలో చెప్పాడు. "అమ్మా, మామయ్యకేం కాలేదు. పోయింది మేఘబాహు."

రత్నమాణిక్యం గారు ఏడుపు ఆపి కొడుకు మొహంలోకి చూసింది. అదే సమయంలో గుమ్మం ముందు రిక్షా ఆగింది. సామర్లకోట పెద్దమనిషి దిగుతున్నాడు. ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ ఏడుపు అందుకుంది. ఈసారి ఏడుపులో మునుపటి కంటే నిజం ఎక్కువ ఉంది.

వచ్చినాయన పేరు వీరవెంకటసత్యనారాయణ. పేరుకు తగ్గట్టే నిండైన మనిషి. రిక్షా దిగుతూనే సంగతి గ్రహించి, తెచ్చిన పళ్ళబుట్ట రిక్షాలోనే వదిలేసి, తల వంచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఉదయభాస్కర్ ఆయన ఎదుట నిలబడ్డాడు. ఎవరూ పోలేదంటే, మరి ఎందుకేడ్చావని అడుగుతారు. బొమ్మ కోసం ఏడ్చే అల్లుడు ఎవరికి కావాలి? పోయాడంటే మైల, అపశకునం. ఎటు తిరిగినా హారతి దక్కదు. అతను జీవితంలో అంత దిగులు ఎప్పుడూ పడలేదు.

"ధైర్యంగా ఉండాలి బాబూ. బాగా దగ్గరివారా?" అన్నాడు సత్యనారాయణ గారు.

"చిన్నప్పటి నుంచి తోడున్నాడండి," అన్నాడు ఉదయభాస్కర్. అందులో అబద్ధం లేదు.

ఇంతలో శ్రీనివాసరాజు దిగాడు. జనాన్ని చూసి అతని గుండె కరిగిపోయింది. మేఘబాహుకు తణుకులో ఇంతమంది ఉన్నారని అతను కలలో కూడా అనుకోలేదు. ఎవరినీ పలకరించకుండా లోపలికి వచ్చి, కట్టించిన పటాన్ని గోడకు తగిలించి, బంతిపూల దండ వేసి, రెండు చేతులూ జోడించాడు.

వీధంతా పటాన్ని చూసింది. పటంలో మనిషికి నుదురు నుంచి గడ్డం దాకా తెల్లటి ముసుగు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"మొహమంతా కట్లేనండి, పాపం," అంది చిన్నమ్మాయి గారు మెల్లిగా. "హాస్పిటల్లో తీసిందేమో."

"ఎలా జరిగిందండి?" అని సత్యనారాయణ గారు శ్రీనివాసరాజును అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"రైలు వంతెన కూలిపోతుంటే రెండు చేతుల్తో పట్టుకున్నాడండి. ఆఖరి పెట్టె దాటేదాకా వదల్లేదు. అప్పుడా చీకటిరేడు వచ్చి కాళ్ళు పట్టుకుని కిందికి లాగేశాడండి. ఇద్దరూ గోదాట్లో పడిపోయారు. శవాలు కూడా దొరకలేదండి!"

సత్యనారాయణ గారి మొహం పాలిపోయింది. "మా బండి ఇప్పుడే ఆ వంతెన మీంచి వచ్చిందే!"

"అమ్మో, మా సుప్రియ!" అని చిన్నమ్మాయి గారు గుండెలు బాదుకుంది. ఆవిడ కూతురు పొద్దుటి బండికి పరీక్ష రాయడానికి రాజమండ్రి వెళ్ళింది. ఒకాయన స్టేషనుకు సైకిలెక్కాడు. ఇంకొకరు చిన్నమ్మాయి గారి మొహాన నీళ్ళు కొట్టారు. వంతెన పోతే బియ్యం లారీలు ఎటు తిప్పాలని బుల్లిరాజు గారు ఆలోచనలో పడ్డాడు.

ఇక ఉదయభాస్కర్ చూడలేకపోయాడు.

"చిన్నమ్మాయి గారూ, ఏడవకండి. వంతెనకేం కాలేదు, సుప్రియకేం కాలేదు." చొక్కాలోంచి పుస్తకం తీసి అందరికీ చూపించాడు. "పోయినవాడు మనిషి కాడండి. ఇదిగో, ఈ బొమ్మల పుస్తకంలో వాడు. నేను ఏడ్చింది వీడి కోసమే."

నలిగిపోయిన ఆ అట్ట వంక వీధంతా చాలాసేపు చూసింది.

"బొమ్మకి మైల ఉండదు," అన్నాడు బుల్లిరాజు గారు చివరకు, కొంచెం నిరాశగా.

సత్యనారాయణ గారు లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు. ఉదయభాస్కర్ తలెత్తలేదు. ఆయన వెళ్ళిపోయే చెప్పుల చప్పుడు కోసం ఎదురుచూశాడు. చెప్పుల చప్పుడుకు బదులు మాట వినిపించింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

ఆయన ఒక్కో పేజీ తిప్పుతూ ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మా హారతి నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు బాబూ. తలుపేసుకుని ఒకటే ఏడుపు. గోడ మీద ముసుగేసుకున్న ఒకడి బొమ్మ ఉంటే, దానికి మల్లెదండ వేసింది. ఎవడో కుర్రాడు దాని మనసులో ఉన్నాడు, వాడికేదో అయ్యిందనుకున్నాం. అది దాచి పెళ్ళి చేస్తే మీకు ద్రోహం చేసినట్టేగా? ఈ సంబంధం వద్దని చెప్పి పోదామనే వచ్చానండి నేను. తీరా చూస్తే వాడు ఈ పుస్తకంలో వాడు!"

ఆయన ఏడుస్తూనే నవ్వాడు. రత్నమాణిక్యం గారు పొయ్యి వెలిగించడానికి లేచింది. ఉదయభాస్కర్‌కు ఊపిరాడింది. ఈ భూమ్మీద మేఘబాహు కోసం అన్నం మానేసిన ఆడపిల్ల ఉందనీ, ఆ పిల్ల హారతేననీ నమ్మడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. ఆనందంగా వంగి పేజీలోకి చూశాడు.

సత్యనారాయణ గారి వేలు మేఘబాహు మీద లేదు. కాళ్ళు పట్టుకుని లాగుతున్నవాడి మీద ఉంది.

"వాడాండి?" అన్నాడు శ్రీనివాసరాజు.

"ఆయ్, వీడేనండి. నల్లముసుగు, నుదుటి మీద చంద్రవంక. నేను పొరబడను."

శ్రీనివాసరాజు స్నేహితుడి భుజం పట్టుకున్నాడు. "ఒరే ఉదయ్, వాడు చీకటిరేడురా. మనవాణ్ణి చంపింది వాడేరా."

"ఏంటి బాబూ, ఏమైనా ఇబ్బందా?" అన్నాడు సత్యనారాయణ గారు, ఆ ముఖాలు చూసి. వంటింటి గుమ్మంలో రత్నమాణిక్యం గారు అట్లకాడతో అలాగే నిలబడిపోయింది.

ఉదయభాస్కర్ గోడ మీది పటాన్ని చూశాడు. తెల్లముసుగులోంచి మేఘబాహు అతన్నే చూస్తున్నాడు. పదో తరగతి నుంచి ఏ పరీక్షలోనూ, ఏ జ్వరంలోనూ వదలని కళ్ళు అవి. అతను చూపు దించుకున్నాడు.

"ఇబ్బందేముందండి," అన్నాడు. "చీకటిరేడు కూడా మరీ అంత చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడే తల్లి పోయింది, పాపం."

శ్రీనివాసరాజు పెళ్ళికి వచ్చాడు గాని, భోజనం చెయ్యలేదు.